మూత్రమును పెంచు మందు



2014వ సంవత్సరమున నా తమ్ముడు పెంకుటింటి కప్పు సవరించుచు జారిపడగా తలకు గట్టి దెబ్బ తగిలెను. మెదడు వాచినదని చెప్పి, ఆసుపత్రిలో నరములోనికి మానిటాల్ అను మందు నెక్కించిరి. జాము గడవకమునుపే మూత్రపు సంచి నిండెను. నేను సంతసించి, "మూత్రపిండములు చక్కగా నున్నవి గదా!" అంటిని. వైద్యుడు తల యడ్డముగా నూపి, "పంతులుగారూ, ఇది మందు బలము. మూత్రపిండముల బలమని తలపకుడు" అనెను. ఆ మాటలోని భావమును మీకు మనవి చేసెదను.

మాగాయకై మామిడిముక్కలకు ఉప్పు పట్టించుదుము. నీరు పోయము. అయినను మరునాటికి జాడీలో ఊట నిలుచును. ముక్కలలోని నీటిని ఉప్పు వెలుపలికి లాగుటయే దీనికి కారణము. మానిటాల్ చక్కెర జాతికి దగ్గరి పదార్థము. అది రక్తములో జేరి, వాచిన మెదడునుండి నీటిని లాగుకొనును. వాపు తగ్గును. రక్తపు పరిమాణము పెరుగును. మూత్రపిండములకు బోవు రక్తమును కొంతసేపు హెచ్చును.

ఆరోగ్యవంతుని మూత్రపిండముల గుండా నిమిషమునకు లీటరుకు పైగా రక్తము ప్రవహించును. అవి దినమునకు రమారమి 180 లీటర్ల ద్రవమును వడియగట్టి, సన్నని నాళికలలో దాదాపుగా నంతయు మరల రక్తమునకే యప్పగించి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే విసర్జించును. మానిటాల్ ఆ నాళికలలోనికి దిగును గాని, తిరిగి రక్తమున జేరదు. నీటిని, కొంత యుప్పును తనతో వెలికి గొనిపోవును.

ఇందు రెండు ప్రమాదములు గలవు. పోయిన నీటికి తగిన నీరు చేరనిచో రక్తపు పరిమాణము తగ్గును; ముందు హెచ్చిన ప్రవాహమే క్షీణించి మూత్రపిండములు చెడును. ఇక మూత్రమే రాని రోగికి ఈ మందిచ్చినచో, అది రక్తములోనే నిలిచి గుండెకు భారమై, ఊపిరితిత్తులలో నీరు చేరును. అందుచేతనే నర్సు మూత్రమును కొలిచి వ్రాయుచుండెను; రక్తపరీక్షలు మాటిమాటికి జరిగెను. నా తమ్ముడు కోలుకొని యిల్లు చేరెను.

ఈ న్యాయమే మన యిండ్లలోను గలదు. మధుమేహమున రక్తములోని చక్కెర మితిమీరినప్పుడు నాళికలు దానిని పూర్తిగా మరల గ్రహింపజాలవు. మిగిలిన చక్కెర, మానిటాల్ వలెనే, నీటిని వెంటబెట్టుకొని పోవును. అందుచే రోగికి తీరని దాహము పుట్టును. నీరు త్రాగుటచేతనే మూత్రము హెచ్చుచున్నదని తలచి, 1981లో మా పెదతండ్రిగారి మంచముకడనుండి మేము నీళ్లచెంబు తీసివేసితిమి. మూత్రము హెచ్చుటచేతనే దాహమని యప్పుడు మా కెవ్వరికిని తెలియదు. ఆయన నాలుక పిడచకట్టి, సొమ్మసిల్లిన పిమ్మట గాని వైద్యుని పిలువలేదు. ఆ తప్పు నేటికిని నన్ను బాధించుచున్నది.

కావున అట్టి రోగి నీరడిగినచో కాదనకుడు. నీరిచ్చి, జాగు సేయక వైద్యునికడకు గొనిపోవుడు.