టర్బో కారులో నిప్పురవ్వ

కారేపల్లి రైలు కూడలి. డోర్నకల్లు నుండి కొత్తగూడెమునందలి భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోవు మార్గమున ఇల్లందు శాఖ చీలినది ఇచ్చటనే. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు కలదని గుర్తించెను. 1889లో గనుల పని ఆరంభమయ్యెను. బొగ్గు మండునదే, కాని నిప్పు తగిలిననే మండును. పెట్రోలు సంగతియు అంతే. పాతబడిన టర్బో కారులో ఆ నిప్పురవ్వను పుట్టించు భాగములను గూర్చి నేడు ముచ్చటింతము.

కారేపల్లిలో ఒక కుటుంబమువారు పది పన్నెండేండ్ల నాటి టర్బో పెట్రోలు కారును సెకండ్ హ్యాండులో కొన్నారనుకొందము. ఊరిలో తిరుగునంతసేపు బండి చక్కగానే నడచుచున్నది. ఒకనాటి రాత్రి ఇంటి పెద్దావిడకు ఆయాసము వచ్చి ఖమ్మము ఆసుపత్రికి బయలుదేరినారు. ముందు బొగ్గు లారీ పోవుచున్నది. దానిని దాటుటకై యాక్సిలరేటరు నొక్కగా బండి ముందునకు దుముకుటకు మారు గుంజి గుంజి ఆడినది. ఎదుటినుండి వచ్చు దీపములు దగ్గరపడినవి. మెకానిక్కుల మాటలో ఇంజను మిస్సింగు కొట్టినది. మెల్లగా పోయిన సుఖముగా నుండి, బలము కోరినప్పుడే మొరాయించుట ఏల?

కారణము టర్బోలోనే కలదు. ఇంజను నుండి వెలువడు పొగ వేగముతో ఒక చక్రము తిరుగును. అదే ఇరుసున గల రెండవ చక్రము బయటి గాలిని ఒత్తి ఇంజనులోనికి నెట్టును. గాలి అధికమైన పెట్రోలును అధికముగా మండించవచ్చును, బలము హెచ్చును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఇట్టి యోచనకు పేటెంటు పొందెను. ప్రయాణికుల కార్లలో ఇది 1962లో అమెరికాలో వచ్చినది. మన దేశమున 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2010లో వచ్చిన ఫియట్ లీనియా టీ-జెట్ ఈ కోవలోనివే.

ఇక రవ్వ మాట. బ్యాటరీ ఇచ్చునది 12 వోల్టులు. ఇగ్నిషన్ కాయిలు దానిని 20,000, 30,000 వోల్టులకు, కొన్నింట అంతకు మించియు పెంచును. ఆ విద్యుత్తు స్పార్క్ ప్లగ్గు కొనయందలి సందును దుమికినప్పుడు రవ్వ పుట్టును. ఇల్లందులో గనుల పని మొదలైన ఆ 1889వ సంవత్సరముననే జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ పాషెన్ ఒక నియమమును వెల్లడించెను. దాని సారము మనకిట్లు వర్తించును: గాలి ఒత్తిడి హెచ్చినను, సందు హెచ్చినను, రవ్వ దుముకుటకు అధికమైన వోల్టులు కావలెను. టర్బో ఒత్తిడిని పెంచుచున్నది. కనుక తయారీదారులు సందును తగ్గింతురు. సాధారణపు ఇంజనులలో అది ఒక మిల్లీమీటరు ప్రాంతమున నుండగా, టర్బో ఇంజనులలో తరచు 0.6 నుండి 0.8 మిల్లీమీటరు వరకే యుండును.

ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నప్పుడు ఒక్కొక్క ప్లగ్గు 1,500 సార్లు రవ్వ వేయును. ప్రతి రవ్వతోను లోహము కొంచెము కొంచెముగా అరిగి సందు పెరుగును. దానిని దాటించుటకు కాయిలు మరింత శ్రమపడును. ఇంజను వేడికి కాయిలులోని పూత పగిలెనా, విద్యుత్తు సందును దాటక ప్రక్కదారిని జారిపోవును. తక్కువ ఒత్తిడిలో ఇది బయటపడదు. లారీని దాటునప్పుడు బయటపడును. అట్లు మండని పెట్రోలు పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దానిని కరిగించును. ఇంజను దీపము మిణుకు మిణుకుమనుచుండగా బలవంతముగా నడుపరాదు.

ముందుగా ఒక హెచ్చరిక. మన ప్రాంతమున తిరుగు పాత టర్బో జీపులలో పెక్కు డీజిలువి. డీజిలు గాలి ఒత్తిడి వేడికే మండును. దానికి స్పార్క్ ప్లగ్గు లేదు. అందలి గ్లో ప్లగ్గు చల్లని ఇంజనును లేపుటకు తోడ్పడునది మాత్రమే.

పెట్రోలు బండి యైనచో పని క్రమముగా జరుగవలెను. ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే ప్లగ్గు విప్పవలెను. వేడిమీద విప్పిన అల్యూమినియము మరలు చెడును. మన ఎర్రదుమ్ము, బొగ్గుపొడి ప్లగ్గు గుంటలో చేరియుండును. గాలితో దానిని ఊది తీయనిదే విప్పరాదు. ప్లగ్గులను వరుస తప్పకుండ పేర్చి చూడవలెను. కొన గోధుమ రంగుననున్న మేలు; నల్లని మసి యున్న మంట సరిగాలేదు; తెల్లగా పొక్కిన వేడి మితిమీరినది; నూనె తడి యున్న దోషము మరియొకచోట కలదు.

కాయిలును పరీక్షించుటకు సులువైన ఉపాయమున్నది. పెక్కు బండ్లలో ప్రతి ప్లగ్గుమీద ఒక్కొక్క కాయిలుండును. స్కానరు రెండవ సిలిండరు మిస్సింగు అని చెప్పినచో, ఇంజను ఆపి, ఆ కాయిలును మూడవదానికి మార్చి చూడవలెను. దోషము మూడవదానికి పోయెనా, కాయిలు చెడినట్లే. పోనిచో ప్లగ్గునో, వైరునో, పెట్రోలు చిమ్ము ఇంజక్టరునో చూడవలెను. ఇంజను నడుచుచుండగా కాయిలు ఊడబెరుకుట ప్రమాదము.

ప్లగ్గులను ఒకేసారి అన్నిటిని మార్చుట మంచిది. నికెలు కొన ప్లగ్గు తక్కువ వెల, త్వరగా అరుగును. నికెలు 1,455 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగగా, ఇరీడియము 2,446 డిగ్రీల వద్దగాని కరుగదు. కనుక దాని కొనను సన్నగా చేయవచ్చును. సన్నని కొననుండి రవ్వ సులువుగా దుముకును, కొన చిరకాలము నిలుచును. ఒకప్పుడు అంబాసిడరు పాయింట్లను గరుకు కాగితముతో రుద్ది బండిని నడిపించిన నేర్పు మన షెడ్లలో ఉండెడిది. ఆ నేర్పును ఇరీడియము కొనపై చూపిన అది విరుగును.

అప్‌గ్రేడు పేరిట కొందరు చల్లని ప్లగ్గు, అనగా వేడిని త్వరగా వదలునది, వేయింతురు. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటిననే తనపై చేరిన మసిని తానే కాల్చుకొనును; 850 ప్రాంతము దాటిన రవ్వకు ముందే పెట్రోలును అంటించును. కంపెనీ పెట్టిన ఒత్తిడినే ఉంచుకొన్న బండికి చల్లని ప్లగ్గు వేసిన, ఊరి నడకలో మసిపట్టును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును. టర్బో ఒత్తిడిని పెంచినవారికే అది అవసరపడవచ్చును. అంకెలతోను జాగ్రత్త: ఎన్‌జీకే ప్లగ్గులలో పెద్ద అంకె చల్లనిది, బాష్ ప్లగ్గులలో పెద్ద అంకె వేడిది. అధికశక్తి కాయిలు సంగతియు ఇట్టిదే. అరిగిన ప్లగ్గు, వదులైన ఎర్తు వైరు, నీరసించిన బ్యాటరీ ఉండగా కొత్త కాయిలు ఏమి చేయును?

ఇట్లు మూడు మాటలు. మాన్యువలు చెప్పిన అంకె ప్లగ్గును, చెప్పిన సందుతో, టార్క్ రెంచితో బిగింపించుడు. నకిలీ సరకు కలదు గావున బిల్లుతో కొనుడు. మంచి కాయిలొకటి, ప్లగ్గు స్పానరొకటి డిక్కీలో ఉంచుడు. అడవి దారిలో అర్ధరాత్రి దుకాణము తెరచియుండదు. పెద్దావిడను ఆసుపత్రికి చేర్చునది బండి ఆడంబరము కాదు, సమయమునకు తప్పక పడు చిన్న రవ్వ.