మోతాదు మార్చుకొని తిరిగివచ్చిన మందు

ఎముకల మూలుగలో పుట్టి, పెరిగి, రోగములతో పోరాడవలసిన తెల్లకణములు పరిపక్వము కాకయే అడ్డూ ఆపూ లేక పెరిగిపోయి, మంచి కణములకు చోటు లేకుండ జేయుటయే అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా యను రక్తక్యాన్సరు. రోగి పాలిపోవును, చిగుళ్లనుండి నెత్తురు కారును, చిన్న జ్వరమే ప్రాణముమీదికి తెచ్చును. కీమోథెరపీ ఈ కణములను చంపునుగాని, వేగముగ పెరుగు మంచి కణములను గూడ విడిచిపెట్టదు. విషమును గురుతుచూచి చేరవేయు వాహనమొకటి కావలసివచ్చినది.

1975లో కోలర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు, ఒకే గురుతును పట్టుకొను యాంటీబాడీలను కావలసినంతగ తయారుచేయు మార్గము కనిపెట్టిరి. ఈ రోగుల క్యాన్సరు కణములలో పెక్కింటి పైపొరమీద సిడి33 అను ప్రోటీను ఉండును. దానిని పట్టుకొను యాంటీబాడీకి కాలిచియామైసిన్ అను విషమును తగిలించి చేసినదే మైలోటార్గ్. టెక్సాసు సున్నపుమట్టిలోని సూక్ష్మజీవినుండి ఆ విషమును వెలికితీసినది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ చివరి యెనిమిదేండ్లు పరిశోధనలు నడిపినదియు, ఆయన కాలముననే మట్టిలోని జీవినుండి ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్ మందు వెలువడినదియు అచ్చటనే యని తలచునప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును.

యాంటీబాడీ అంటుకొనగనే కణము దానిని లోనికి మ్రింగును. లోపలి ఆమ్లపుసంచిలో, విషమును యాంటీబాడీకి కట్టిన లంకె తెగును. విడివడిన విషము కేంద్రకమును జేరి డి.ఎన్.ఏ. రెండు పోగులను తెంచివేయును.

2000లో అమెరికాలో అనుమతి పొందిన యీ మందు, కీమోథెరపీతో జతచేసి పరీక్షింపగా మేలు కానరాక, తొలినాళ్ల మరణములే హెచ్చుటచే 2010లో ఉపసంహరింపబడెను. కాలేయపు సన్నని రక్తనాళములు పూడుకొనిపోవుట దీనివలని ఘోరమైన హాని. అయినను, అంతకుమునుపే దీనిని వేరొక రీతిని పరీక్షింప మొదలిడిన ఫ్రాన్సు వైద్యులు దీనిని విడువలేదు. శరీర వైశాల్యము చదరపు మీటరునకు 9 మిల్లీగ్రాములు ఒక్కమారుగ నెక్కించు పాత పద్ధతిని మాని, 50 మొదలు 70 ఏండ్లలోపు రోగులను 280 మందిని ఎన్నుకొని, వారిలో సగముమందికి కీమోథెరపీకి తోడు 3 మిల్లీగ్రాముల చొప్పున 1, 4, 7 దినములలో నిచ్చి చూచిరి. ఆ సగముమందిలో వ్యాధి తిరుగబెట్టక గడచిన కాలము పెరిగెనని 2012లో ప్రకటించిరి. 2017లో మందు తిరిగి వచ్చినది. విషము మారలేదు, వాహనము మారలేదు, మారినది మోతాదొక్కటే. ఆ యోర్పునకు నేను చేతులెత్తి నమస్కరింతును.

చిక్కు తీరలేదు. సిడి33 మంచి కణములమీదను కలదు గనుక, రోగి రక్తకణములు వారములతరబడి కోలుకొనవు. మైలోటార్గ్ మేలును అందరికి సమానము కాదు: కణముల క్రోమోజోములలోని మార్పులు అనుకూలమైనవారికి అధికము, ప్రతికూలమైనవారికి దాదాపు శూన్యము. కావుననే మూలుగనుండి తీసిన చుక్క ముందుగ ప్రయోగశాలకు పోవును; ఈ మందువలని మేలుకీడులను తూచుటకు ఆ ఫలితము తోడ్పడును.