మలుపు కోసం పుట్టిన బండి

తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో ఎర్రటి అపాచీ ఆర్‌ఆర్ 310 ఒకటి ఆగిందంటే చుట్టూ చేరినవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే. "లీటరుకి ఎంతిస్తాది సామీ?" ఆ తర్వాత "ఎంత పోతాది?" మొదటిదానికి ముప్పై చిల్లర, రెండోదానికి 160. రెండు జవాబులూ నిజమే. కానీ ఆ రెంటితో బండి సంగతి తెలియదు. దాన్ని గీసిన ఇంజనీర్లు మైలేజీ గురించి పెద్దగా ఆలోచించలేదు. తిన్నటి రోడ్డు మీద వేగం కూడా వాళ్ళకు రెండో మాటే. వాళ్ళ ధ్యాసంతా మలుపు మీదే.

ఈ బండి పుట్టింది హోసూరులో, మనకు దూరంగా ఏమీ కాదు. కుప్పం, హోసూరు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. పటం మీద గీత గీస్తే మధ్యన 55 కిలోమీటర్లే. తమిళనాడులో ఉన్నా వీధిలో తెలుగు వినిపించే ఊరు హోసూరు. 1980లో అక్కడి టీవీఎస్ కంపెనీ ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన తొలి బండి టీవీఎస్ 50, ఇద్దరు కూర్చోగలిగే మోపెడ్. దాని వారసుడు ఎక్స్‌ఎల్ ఇవాళ్టికీ చిత్తూరు జిల్లా పల్లెల్లో పాల క్యాన్లు, పచ్చిగడ్డి మోపులు, టమోటా గంపలు మోస్తూనే ఉంది. అదే కంపెనీ 2013 ఏప్రిల్‌లో జర్మనీ బీఎండబ్ల్యూతో చేయి కలిపింది. 500 సీసీ లోపు బళ్ళు కలిసి తయారు చేద్దామని ఒప్పందం. 2016 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో 'అకుల' పేరుతో నమూనా చూపించి, 2017 డిసెంబర్ 6న ఆర్‌ఆర్ 310గా మార్కెట్లోకి తెచ్చారు. అప్పటి షోరూం ధర రూ.2.05 లక్షలు. దీని అన్నదమ్ములు జీ 310 ఆర్, జీ 310 ఆర్‌ఆర్ బీఎండబ్ల్యూ బిళ్ళ తగిలించుకుని అదే హోసూరు నుంచి బయటికొచ్చాయి. జర్మన్ బిళ్ళ చూసి కొన్నవాళ్ళలో ఎందరికి ఈ హోసూరు సంగతి తెలుసో!

ఇక ఇంజను. మామూలు బండిలో పెట్రోలు, గాలి వెనకనుంచి లోపలికి పోతాయి, పొగ ముందునుంచి బయటికొస్తుంది. సైలెన్సర్ గొట్టం ముందువైపు కిందికి దిగి, ఇంజను అడుగునుంచి చుట్టి వెనక్కి పోవడం మనం రోజూ చూసేదే. ఆర్‌ఆర్ 310లో ఇది తిరగబడింది. సిలిండరు వెనక్కి వాలి ఉంటుంది. దాని తలకాయను అటుదిటు తిప్పి పెట్టారు. గాలి ముందునుంచి లోపలికి పోతుంది, పొగ వెనకనుంచి వెళ్ళిపోతుంది. దీనివల్ల లాభం ఏమిటంటే, ముందు గొట్టం అడ్డు లేదు కాబట్టి ఇంజనును ముందు చక్రానికి దగ్గరగా జరపవచ్చు. ఇంజను ముందుకు జరిగితే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్‌కు చోటు దొరుకుతుంది. అంటే బండి మొత్తం పొడవు పెరగకుండానే స్వింగ్‌ఆర్మ్ పొడవుగా పెట్టుకోవచ్చు. మలుపు నుంచి బయటపడుతూ ఆక్సిలరేటర్ తిప్పినప్పుడు వెనక చక్రం ఎగిరెగిరి పడకుండా నిలకడగా నేలను కరుచుకోవడానికి ఈ పొడవు పనికొస్తుంది. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1365 మిల్లీమీటర్లు మాత్రమే. ముందు చక్రం మీద తగినంత బరువు పడుతుంది కాబట్టి హ్యాండిల్ ఎటు చెబితే బండి అటు వాలుతుంది.

పైకి కనిపించే గొట్టాల ఫ్రేము, తలకిందులుగా బిగించిన ముందు ఫోర్కులు, 300 మిల్లీమీటర్ల ముందు డిస్కు, ఇవన్నీ కూడా మలుపు పనికే. నాకు నచ్చేది మాత్రం ఆ తిరగబడ్డ సిలిండరే. రంగులూ స్టిక్కర్లూ ఏ కంపెనీ అయినా మార్చగలదు. ఇంజను దిక్కు మార్చడానికి ధైర్యం కావాలి.

సీసీల లెక్కలో ఒక విచిత్రం ఉంది. 2017 నాటి ఆర్‌ఆర్ 310కి 312 సీసీలో 34 హార్స్‌పవర్ వచ్చేది. లీటరు లెక్కన చూస్తే 109. హీరో స్ప్లెండర్‌కు ఇదే లెక్క 82 దగ్గర ఆగుతుంది. అయితే 1985లో వచ్చి, 1996లో ఆగిపోయి, మన సీమ కుర్రాళ్ళు ఇప్పటికీ గాలించి కొనే యమహా ఆర్‌ఎక్స్ 100 ఉందే, 98 సీసీకి 11 హార్స్‌పవర్. లీటరుకు 112! ముప్పై రెండేళ్ళ తర్వాత వచ్చిన రేసు బండి కూడా ఆ అంకెను దాటలేదు. కారణం మాయ కాదు, టూ స్ట్రోక్. దాంట్లో ఇంజను తిరిగిన ప్రతిసారీ మంట పుడుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండుసార్లకు ఒకసారి. కాలకుండా మిగిలిన పెట్రోలు, ఆయిలు పొగతో కలిసి బయటికి పోతాయి కాబట్టే కాలుష్య నియమాలు వచ్చాక దాని కథ ముగిసింది.

34 హార్స్‌పవర్ రావాలంటే ఈ ఇంజను నిమిషానికి 9,700 సార్లు తిరగాలి. పిస్టన్ నడక పొడవు 62.1 మిల్లీమీటర్లు. లెక్క కడితే సెకనుకు దాదాపు 162 చుట్లు, పైకీ కిందికీ కలిపి 323 నడకలు. పిస్టన్ సగటు వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. అదీ ప్రతి చివరా పూర్తిగా ఆగి, దిక్కు మార్చుకుంటూ.

2024లో ఈ ఇంజనుకు బలం పెంచి 38 హార్స్‌పవర్ చేశారు. అయితే గరిష్ఠ వేగం ఎంత పెరగాలి? చాలామంది ఇరవై, ముప్పై అనుకుంటారు. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఆ వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. 80లో పోయే బండి 160కి చేరాలంటే రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు శక్తి కావాలి. ఆ లెక్కన 34 నుంచి 38కి పెరిగితే 160 కాస్తా 166 అవుతుంది, అంతే. రేసులో కుర్రాడు ట్యాంకు మీద గడ్డం ఆనించి పడుకునేది అందుకే. ఒళ్ళు వంచితే గాలికి అడ్డం తగ్గుతుంది. రూపాయి ఖర్చు లేని హార్స్‌పవర్ అది. అదే ఏడాది రెండు పక్కలా చిన్న రెక్కలు కూడా వచ్చాయి. అవి ముందు చక్రాన్ని 3 కిలోల బరువుతో నేలకు అదుముతాయని కంపెనీ చెబుతుంది. వీధిలో ఆ మూడు కిలోలు ఎవరికీ తెలియవు. షోకుకు మాత్రం బాగా పనికొస్తాయి.

మలుపు లెక్క ఇంతకంటే ఆసక్తికరం. పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న హెయిర్‌పిన్ మలుపు ఒకటి అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండి 17 డిగ్రీలు వాలితే చాలు. 30కి 35 డిగ్రీలు. 40 అన్నారో, 52 డిగ్రీలు వాలాలి. అది వేడెక్కిన రేసు టైర్ల పని. రోడ్డు టైర్లతో, రోడ్డు మీది ఇసుకతో జరిగే పని కాదు. 20కీ 40కీ మధ్య స్పీడోమీటరులో తేడా కొంచెమే, నేలకు మోకాలికి మధ్య తేడా చాలా.

ఇలాంటి మలుపులు వరసగా కావాలంటే తిరుమల కొండను మించిన చోటు మన పక్క లేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెబుతారు. 1974లో రెండోది వచ్చింది. ఇప్పుడు ఎక్కడం రెండో దాంట్లో, దిగడం మొదటి దాంట్లో. తమాషా అంతా ఇక్కడి వేగ నియమంలో ఉంది. అలిపిరి టోల్‌గేటు దగ్గర టైము వేసి ఇచ్చేవారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయం. అంతకంటే ముందు చేరినవాడు తప్పు చేసినట్టే. రేసులో తక్కువ టైము తెచ్చినవాడికి కప్పు, ఇక్కడ జరిమానా. దిగేటప్పుడు సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు కూడా దాటకూడదన్న మాట. 2023 ఆగస్టులో చిరుత భయం వచ్చినప్పుడైతే సాయంత్రం 6 దాటితే ద్విచక్ర వాహనాలనే పైకి వదల్లేదు.

మరి వాల్చి తిప్పాలన్న సరదా ఉన్నవాడు ఎక్కడికి పోవాలి? తిరుపతి నుంచి రెండున్నర గంటల దారిలో, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ఉంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ కట్టుకున్న రేసు ట్రాక్ 1990 నుంచి నడుస్తోంది. పొడవు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అంతకుముందు రేసులు షోళవరంలో జరిగేవి. తడ దాటి మద్రాసు పోయే దారిలో రెడ్‌హిల్స్‌కు ఇవతల ఉంటుందా ఊరు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే మీద గడ్డి మోపులు పేర్చి మలుపులు చేసుకునేవాళ్ళు. విమానం కోసం వేసిన దారి తిన్నగా ఉంటుంది కదా! మలుపులు అరువు తెచ్చుకోవాల్సిందే. టీవీఎస్ రేసింగ్ 1982లో మొదలైంది. తమాషా ఏమిటంటే అప్పటికి ఆ కంపెనీ అమ్ముతున్నవి మోపెడ్లే. సుజుకీతో కలిసి చేసిన మోటార్‌సైకిల్ 1984లో గానీ రాలేదు.

ట్రాక్ మీది ఆర్‌ఆర్ 310ని దగ్గరగా చూస్తే షోరూం బండికి పోలికలు సగమే. హెడ్‌లైటు, అద్దాలు, ఇండికేటర్లు, సైడ్ స్టాండు ఏవీ ఉండవు. ఫుట్‌రెస్టులు వెనక్కి, పైకి జరిగి ఉంటాయి, వాలినప్పుడు నేలకు రాసుకోకుండా. ఆయిలు బోల్టుకు చిన్న రంధ్రం తొలిచి, దాంట్లోంచి తీగ పోనిచ్చి బిగిస్తారు. ఒక బోల్టు వదులై ట్రాక్ మీద ఆయిలు కారిందంటే వెనక వచ్చేవాళ్ళంతా పడతారు. రేడియేటర్‌లో కూలెంటు కూడా పోయరు, ఉత్త నీళ్ళే. కూలెంటులోని గ్లైకాల్ నేల మీద పడితే తొందరగా ఆరదు, టైరు జారుతుంది. నీళ్ళయితే ఆవిరైపోతాయి.

గేర్లు కూడా తలకిందులు. మనం పైకి లేపి వేసే గేరును చాలామంది రేసరు కుర్రాళ్ళు కిందికి తొక్కి వేస్తారు. ఎడమ పక్కకు బాగా వాలి మలుపు నుంచి బయటపడేటప్పుడు పై గేరు వేయాలంటే పాదం లీవరు కిందికి దూర్చాలి. అక్కడ పాదానికీ నేలకూ మధ్య ఖాళీ ఉండదు. పైనుంచి తొక్కడమయితే ఏ వంపులోనైనా కుదురుతుంది. ఇక స్లిప్పర్ క్లచ్ రోడ్డు బండిలోనూ ఉంది. మలుపు ముందు టకటకా మూడు గేర్లు తగ్గిస్తే వెనక చక్రం బిగుసుకుని బండి అడ్డం తిరగకుండా, క్లచ్ తనంతట తానే కొంచెం జారి ఆ దెబ్బను మింగేస్తుంది.

టీవీఎస్ వాళ్ళ వన్ మేక్ పోటీ 1994 నుంచి జరుగుతోంది. అందరికీ ఒకే బండి, ఒకే ట్యూనింగు. ఓడితే బండిని తిట్టుకోవడానికి వీల్లేదు. 2016లో ఆడవాళ్ళకు విడిగా పోటీ మొదలుపెట్టారు. ఆ కంపెనీ తరఫున నడిపిన బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే 2019లో ఎఫ్ఐఎం బాజా ప్రపంచ కప్ మహిళల విభాగంలో గెలిచింది. మోటార్ క్రీడల్లో ప్రపంచ టైటిల్ తెచ్చిన తొలి భారతీయురాలు ఆమే. ఆ గెలుపు మాత్రం తారు మలుపుల్లోది కాదు, రోడ్డు లేని మట్టి దారుల్లోది. 2022లో ఆసియా రోడ్ రేసింగ్ చాంపియన్‌షిప్ వెంట ఆర్‌ఆర్ 310 బళ్ళతోనే అంతర్జాతీయ వన్ మేక్ పోటీ మొదలైంది. రకరకాల దేశాల కుర్రాళ్ళు హోసూరు బండెక్కి, 200 దాటిన వేగంతో పోటీ పడ్డారు. షోరూంలో 160 దగ్గర ఆగిన బండి అక్కడ అంత పోయింది.

మన జిల్లాల వాటా గురించి రెండు ముక్కలు. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో నాటిన అమరరాజా, అమరాన్ పేరుతో 2008 నుంచి బైకు బ్యాటరీలు కూడా చేస్తోంది. సత్యవేడు మండలం మాదనపాళెంలోని హీరో ఫ్యాక్టరీ నుంచి విడా ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తున్నాయి. అవి రేసు బళ్ళు కావు. కానీ అదే హీరో జట్టు తరఫున బోట్స్‌వానా వాడు రాస్ బ్రాంచ్ 2024 డకార్ ర్యాలీలో రెండో స్థానంలో నిలిచాడు.

రేసరు కావాలన్న ఉద్దేశం లేకపోయినా ట్రాక్ మీద బండి నడపడం నేర్చుకోవచ్చు. అమెరికా వాడు కీత్ కోడ్ 1980లో పెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ ఇరుంగాట్టుకోట్టైకి వచ్చి పాఠాలు చెబుతుంటుంది. అక్కడ బోధించే మొదటి పాఠాల్లో ఒకటి ఆక్సిలరేటర్ గురించే. బండి వాలి దారి పట్టగానే గ్రిప్పును మెల్లగా, ఒకే తీరుగా, ఆపకుండా తిప్పుతూ పోవాలి. మలుపు మధ్యలో భయపడి వదిలేస్తే బరువంతా ముందు చక్రం మీద పడి బండి గీత తప్పుతుంది.