మందు పట్టిస్తే మొలుస్తుందా? కిషన్‌బాగ్ డాబా మీద సోయా పాఠం

మే నెల. కిషన్‌బాగ్‌లో మా అద్దె గది డాబా మీద నాలుగు న్యూస్‌పేపర్ చుట్టలు, రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఒక పాత ఫోన్. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న చాచా అడిగాడు, ‘క్యా ఉగారే మియా?’ అని. సోయా చిక్కుడు అని చెబితే నవ్వేశాడు. బీటెక్ ఈసీఈ చదివి, టెక్ బ్లాగు రాసుకునే నాకు సోయాతో ఏం పని అని ఆయన అనుమానం. అప్పటికి నాకూ అదే అనుమానం.

పని తెచ్చింది నా రూమ్మేట్. వాళ్లది నిర్మల్ జిల్లా, భైంసా వైపు. వాళ్ల బాపు కిందటి పంటలోంచి రెండు క్వింటాళ్ల సోయా గింజ విత్తనానికని దాచుకున్నాడు. ఎకరాకు సుమారు 30 కిలోల లెక్కన ఆరెకరాలకు సరిపోతుంది. కానీ బస్తాలు ఎండాకాలమంతా రేకుల షెడ్డులోనే ఉన్నాయి. ఫోన్‌లో ఆయన అడిగింది ఒకటే మాట: ‘మందు పట్టిస్తే మొలుస్తయ్ కదా బిడ్డా?’

ఆ ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలో ఒక విషయం అర్థమైంది. మా గది నుంచి అత్తాపూర్ మీదుగా బైక్ మీద కాసేపట్లో చేరుకునే రాజేంద్రనగర్‌లో ఈ ప్రశ్న మీదే పనిచేసే ఒక పెద్ద రంగం ఉంది. అందులో ఉద్యోగాలూ ఉన్నాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల హడావుడిలో మనం దాని వైపు చూడనే చూడం.

సోయా గింజకే ఎందుకింత ఇబ్బంది?

వరి, జొన్న గింజలతో పోలిస్తే సోయా చాలా సున్నితం. గింజ పైపొర పలుచన. వేరుగా మారే పిండ భాగం ఆ పొర కిందే, అంచుకు ఆనుకుని ఉంటుంది. నూర్పిడి యంత్రం వేగం ఎక్కువైనా, బస్తాను లారీ మీద నుంచి ఎత్తేసినా లోపల దెబ్బ తగులుతుంది. పైకి మాత్రం గింజ నున్నగా, బాగానే కనిపిస్తుంది. పైగా గింజలో నూనె ఎక్కువ. వేడి, తేమ కలిస్తే ఆ నూనె ఆక్సీకరణ చెంది కణాల పొరలు పాడవుతాయి. అందుకే కోసినప్పుడు బాగా మొలిచిన గింజ, ఎండాకాలం దాటేసరికి సగం చచ్చిపోయి ఉండొచ్చు.

మన దేశంలో ధ్రువీకరించిన సోయా విత్తనానికి కనీస మొలక శాతం 70. చాలా పంటలకు ఇది ఇంకా ఎక్కువే. సోయా ఎంత త్వరగా పాడవుతుందో ఈ అంకె చెబుతుంది. 2020 వానాకాలంలో మహారాష్ట్రలో సోయా మొలవలేదని రైతుల నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తనంతట తానే ఆ విషయాన్ని కేసుగా చేపట్టింది. మొలక శాతం ఎవరో పరిశోధకులు చూసుకునే అంకె మాత్రమే కాదు, ఒక ఇంటి ఏడాది ఆదాయం దాని మీదే ఉంటుంది.

విత్తనశుద్ధి ఏం చేస్తుంది, ఏం చేయదు?

నేలలో పిథియం, రైజోక్టోనియా, మాక్రోఫోమినా లాంటి శిలీంధ్రాలు ఉంటాయి. వాన పడి నేల తడిగా ఉన్న మొదటి వారంలో అవి గింజను కుళ్లబెడతాయి, మొలక మొదలును కోసేస్తాయి. విత్తనశుద్ధి అంటే గింజ చుట్టూ ఆ వారం రోజులకు సరిపడా కంచె వేయడం. దీనికి ఒక వరుస ఉంది.

• మొదట శిలీంధ్రనాశిని. కార్బాక్సిన్, థైరం కలిసిన పొడి మందును కిలో విత్తనానికి సాధారణంగా 3 గ్రాముల చొప్పున పట్టిస్తారు.
• తర్వాత కీటకనాశిని. కాండం తొలిచే ఈగ బెడద ఉన్నచోట థయామిథాక్సామ్ 30 ఎఫ్ఎస్ వాడతారు.
• చివర్లో, విత్తే ముందు రైజోబియం కల్చర్. సోయాకు కావాల్సింది బ్రాడీరైజోబియం జపానికమ్ అనే బ్యాక్టీరియా. వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పంటకు అందిస్తుంది.

వరుస తప్పితే నష్టం. రైజోబియం ప్రాణమున్న జీవి కాబట్టి దాన్ని ముందు పట్టించి పైన రసాయనం చల్లితే చచ్చిపోతుంది. కల్చర్ పట్టించిన గింజను ఎండలో ఆరబెట్టినా అంతే, నీడలోనే ఆరబెట్టాలి. ట్రైకోడెర్మా లాంటి జీవ శిలీంధ్రాన్ని కూడా రసాయన శిలీంధ్రనాశినితో కలపకూడదు. ఏ మందుకైనా ప్యాకెట్ లేబుల్ మీద ఉన్న మోతాదే ఫైనల్. ఎక్కువ వేస్తే ఎక్కువ లాభం అనుకుంటే మొలకే దెబ్బతినొచ్చు.

ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు. శనగలు నానబెట్టినట్టు సోయాను రాత్రంతా నీళ్లలో వేస్తారు. పలుచటి పొర వల్ల నీరు ఒక్కసారిగా లోపలికి దూసుకెళ్లి కణాలు చిట్లిపోతాయి. బలహీనమైన గింజకు ఈ దెబ్బ మరీ ఎక్కువ.

ఇక చేయలేనిది ఒక్కటే: చచ్చిన గింజను బతికించడం.

నా యాప్ చెప్పిన అబద్ధం

మళ్లీ డాబా మీదికి వద్దాం. ప్రయోగశాలల్లో సోయా మొలక పరీక్షకు 400 గింజలు తీసుకుంటారు. వందేసి చొప్పున తడి కాగితం మధ్య చుట్టి, 25 డిగ్రీల దగ్గర ఉంచి, 5వ రోజు ఒకసారి, 8వ రోజు చివరిసారి లెక్కిస్తారు. మా దగ్గర ఏసీ గది లేదు. తడి గోనెపట్టా కప్పి, గది లోపల నీడన పెట్టాం. లెక్క కోసం నేనో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఫోన్‌తో ఫొటో తీస్తే, తెల్లటి వేరు బయటికి వచ్చిన గింజలను అది లెక్కపెడుతుంది.

8వ రోజు యాప్ సగటున వందకు 81 అని చూపించింది. రూమ్మేట్ వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. ‘బాపూ, 81 వచ్చినయ్!’ నేనైతే బ్లాగులో పెట్టడానికి హెడ్డింగ్ కూడా ఆలోచించుకున్నాను.

అదృష్టం కొద్దీ ఆ సాయంత్రం విత్తన శాస్త్రంలో పీజీ చేస్తున్న ఒక స్నేహితురాలు వచ్చింది. చుట్టలు విప్పి, ఒక్కో మొలకనూ వేలితో పక్కకు జరుపుతూ వెళ్లింది. ‘ఇది అబ్నార్మల్. ఇదీ అబ్నార్మల్. దీనికి వేరు అక్కడే ఆగిపోయింది. దీని పప్పుబద్దలు కుళ్లాయి, చూడు’ అంది. ఆమె లెక్కలో నార్మల్ మొలకలు వందకు 58. వేరు బయటికి రావడం వేరు, మొక్కగా నిలబడటం వేరు. పరీక్ష నియమాల్లో లెక్కలోకి వచ్చేది రెండోదే. నా ప్రోగ్రామ్‌లో బగ్ లేదు. తప్పు ప్రశ్నకు కరెక్ట్ సమాధానం చెప్పింది, అంతే. రూమ్మేట్ మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆ కాల్ మాట్లాడేటప్పుడు నేను గదిలోంచి బయటికి వచ్చేశాను.

తర్వాత అదే గింజకు మందు పట్టించి చూశాం. కాగితం చుట్టల్లో 61 వచ్చింది. దాన్ని గెలుపు అనుకోకూడదు. ఇంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా వస్తుంది. కానీ మట్టి నింపిన టబ్బుల్లో తేడా కంటికే కనిపించింది. మందు లేని టబ్బులో చాలా గింజలు మట్టిలోనే మెత్తబడి కుళ్లాయి. పట్టించిన టబ్బులో బతికున్న గింజలు దాదాపుగా పైకి వచ్చాయి. మందు పట్టిస్తే మొలుస్తుందా అన్న ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇదే. మొలిచే గింజను అది కాపాడుతుంది, మొలవని గింజను మొలిపించదు.

మొలవడం వేరు, బలం వేరు

విత్తన రంగంలో మొలక శాతం పక్కనే వినిపించే ఇంకో మాట ‘సీడ్లింగ్ విగర్’, అంటే మొలక బలం. 1973లో అబ్దుల్ బాకీ, ఆండర్సన్ ప్రతిపాదించిన సులువైన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. మొలక శాతాన్ని మొలక సగటు పొడవుతో గుణించాలి.

ఉదాహరణకు రెండు లాట్లకూ మొలక 85 శాతమే అనుకుందాం. ఒకదాని మొలకలు 20 సెం.మీ., ఇంకోదానివి 26 సెం.మీ. మొదటి దాని విగర్ ఇండెక్స్ 1700, రెండోదానిది 2210. కాగితం మీద రెండూ సమానమే. కానీ విత్తాక వాన కొట్టి నల్లరేగడి మీద పెచ్చు కడితే, దాన్ని పగలగొట్టుకుని పైకి వచ్చేది రెండోది. సోయాలో పప్పుబద్దలతో సహా మొలక నేలను చీల్చుకుని రావాలి కాబట్టి ఈ బలం మరీ ముఖ్యం.

ఇంకో పరీక్ష నాకు బాగా నచ్చింది. గింజను 41 డిగ్రీల వేడిలో, దాదాపు నిండు తేమలో 72 గంటలు ఉంచి, ఆ తర్వాత మొలకెత్తిస్తారు. కావాలనే ముసలిదాన్ని చేసి చూడటమన్నమాట. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసే స్ట్రెస్ టెస్టింగ్‌కి ఇది అన్నలాంటిది.

మరి ఉద్యోగాల సంగతి?

రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని విత్తన పరిశోధన కేంద్రం, భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ ఉన్నాయి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. ప్రైవేటు విత్తన కంపెనీలు హైదరాబాద్ చుట్టూ చాలా ఉన్నాయి. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం ‘ఇస్టా’ 2019లో తన మహాసభను ఇక్కడే జరిపింది.

• పదో తరగతి తర్వాత: పాలిసెట్ ద్వారా వ్యవసాయ, విత్తన సాంకేతిక డిప్లొమాలు. తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరొచ్చు.
• ఇంటర్ బైపీసీ వాళ్లు: ఈఏపీసెట్‌తో బీఎస్సీ అగ్రికల్చర్, ఆపై విత్తన శాస్త్రంలో ఎమ్మెస్సీ. ల్యాబ్ అనలిస్టు, నాణ్యత నియంత్రణ, ఉత్పత్తి, ధ్రువీకరణ విభాగాలు వీళ్ల కోసమే.
• ఇంజినీరింగ్ వాళ్లు: విత్తనశుద్ధి యంత్రాలు, పాలిమర్ కోటింగ్, తేమ నియంత్రించే గోదాములు, ఫొటోల ద్వారా మొలకలను వర్గీకరించే సాఫ్ట్‌వేర్. చివరి దానిలో నేను ఎక్కడ బోర్లా పడ్డానో చదివారుగా, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇంటర్వ్యూకి వెళ్లే ముందు విత్తన చట్టం 1966 చూసుకోండి. ట్యాగుల రంగులు గుర్తుంచుకోండి: బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు లేత నీలం. అన్నిటికంటే ముందు ఒక్క పరీక్షైనా స్వయంగా చేసి వెళ్లండి. నూరు గింజలు, తడి కాగితం, ఎనిమిది రోజులు, రోజువారీ ఫొటోలు చాలు. ‘నార్మల్, అబ్నార్మల్ ఎలా విడదీశావు?’ అన్న ప్రశ్నకు చేసి చూసినవాళ్లు చెప్పే జవాబు వేరేగా ఉంటుంది. మందుతో చేస్తే మాత్రం గ్లౌజులు తప్పనిసరి. మిగిలిన గింజ వంటకు, కోళ్లకు పోకూడదు. కడిగిన నీళ్లు చెరువులో కలవకూడదు.

రూమ్మేట్ బాపు చివరికి ఆ గింజకు మందు పట్టించలేదు. పట్టించి ఉంటే అమ్ముకోవడానికీ పనికొచ్చేది కాదు. మామూలు సోయాగా మార్కెట్లో అమ్మేసి, ఆ డబ్బుకు కొంత కలిపి సర్టిఫైడ్ విత్తనం కొన్నాడు. అది నాలుగెకరాలకే వచ్చింది, మిగతా రెండెకరాల్లో కంది వేశాడు. కొత్త విత్తనానికి మాత్రం వరుస తప్పకుండా మందు, ఆ తర్వాత కల్చర్ పట్టించాడు. విత్తే ముందు అందులోంచి వంద గింజలు తీసి, తడి గోనెపట్టాలో చుట్టి, తనే లెక్కపెట్టాడు. ఫొటో కూడా పంపాడు. ఈసారి నేను యాప్ తెరవలేదు. జూమ్ చేసి, ఒక్కో మొలక వేరూ చూశాను.