బేస్‌బాల్ టీమ్‌లో కెప్టెన్ పని ఏంటి?

కాలేజీ బేస్‌బాల్ టీమ్‌కి పిల్లల్ని కెప్టెన్ చేశారని తెలిస్తే ఇంట్లో వాళ్లు అనే మొదటి మాట, "ఇంకేం, అజహరుద్దీన్ అయిపోయావ్!" ప్రేమతో అన్నదే గానీ, ఆ పోలిక ఇక్కడ కుదరదు.

నిజాం కాలేజీలో చదివిన మన హైదరాబాదీ అజహర్ 47 టెస్టుల్లో ఇండియాకు కెప్టెన్. ఏ బౌలర్‌కు బంతి ఇవ్వాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నది క్రికెట్‌లో గ్రౌండ్ మీద కెప్టెనే చూసుకుంటాడు. బేస్‌బాల్‌లో ఆ నిర్ణయాలు ఎక్కువగా కోచ్‌వి. బ్యాటింగ్ వరుస, పిచ్చర్‌ని మార్చడం, ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు ఎప్పుడు పరుగెత్తాలన్న సైగ, అన్నీ బయటి నుంచే వస్తాయి. అమెరికాలో పెద్ద టీమ్‌లు చాలావాటికి అసలు కెప్టెనే ఉండడు. డెరెక్ జీటర్ 2014లో రిటైరయ్యాక, 2022 డిసెంబర్‌లో ఆరన్ జడ్జ్‌ని ప్రకటించేదాకా న్యూయార్క్ యాంకీస్ కెప్టెన్ లేకుండానే ఆడింది.

అయితే గ్రౌండ్ లోపల లీడర్ లేడని కాదు. తొమ్మిది మందిలో క్యాచర్‌ని గమనించండి. బ్యాటర్ వెనకాల గొంతుక్కూర్చుని, మిగతా ఎనిమిది మందినీ ఎదురుగా చూసేది అతనొక్కడే. 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న పిచ్చర్‌కు వేళ్లతో సైగ చేసి ఏ బంతి వేయాలో చెప్తాడు. పిచ్చర్ కంగారు పడితే లేచి వెళ్లి రెండు మాటలు మాట్లాడి వస్తాడు. కెప్టెన్ పేరు ఎవరిదైనా, సగం పని ఇతనిదే.

ఇంకో చిన్న విషయం ఉంది, దెబ్బలు తగిలేది అక్కడే. బంతి గాల్లోకి లేచినప్పుడు ముగ్గురు ఒకేసారి పరుగెత్తుతారు. ఒకడు గట్టిగా అరవాలి. ఒకడు "నాది" అని, ఇంకొకడు "మేరా" అని అరిస్తే ఇద్దరూ గుద్దుకుంటారు. తెలుగు, ఉర్దూ, లంబాడీ మాట్లాడే పిల్లలు కలిసి ఆడే మన దగ్గర, అందరికీ ఒకే మాట ఖాయం చేసి రోజూ ప్రాక్టీస్‌లో అరిపించడం కెప్టెన్ చేయాల్సిన పని.

అసలు బరువైన పని ఆట బయట ఉంటుంది. రఘునాథపల్లి నుంచి జనగామకో, హన్మకొండకో బస్సులోనో రైల్లోనో వెళ్లి చదువుకునే పిల్లలకు ప్రాక్టీస్ అరగంట లేటైతే ఆ బండి దొరకదు. ఈ మాట పీడీ సార్‌కు ఒక్కొక్కరూ చెప్పుకోలేరు, ఫస్టియర్ వాళ్లయితే అసలే నోరు విప్పరు. రంజాన్‌లో రోజా ఉన్న పిల్లాడు మధ్యాహ్నం ఎండలో క్యాచర్ ప్యాడ్లు కట్టుకుని కూర్చోవడం కష్టం. ప్రాక్టీస్‌ని ఫజర్ తర్వాతకు మార్చమని అడగడానికి కూడా మధ్యలో ఒక మనిషి కావాలి. బయటి ఊళ్లో టోర్నమెంట్ అంటే అమ్మాయిల ఇళ్లలో ఇంకా ఎక్కువ ప్రశ్నలుంటాయి: ఎక్కడ ఉంటారు, తోడు ఎవరొస్తున్నారు, తిండి హలాలేనా? అమ్మీ ఫోన్ చేస్తే ఎత్తి నిజం చెప్పే కెప్టెన్ ఉంటే, ఆ అమ్మాయిని పంపడానికి ఇంట్లో ఒప్పుకునే అవకాశం పెరుగుతుంది.

అందుకే కెప్టెన్‌ని బాగా కొట్టేవాడని మాత్రమే చూసి పెట్టడం సరికాదు. కొన్ని కాలేజీల్లో పీడీ సారే పేరు చెప్తారు, కొన్నిచోట్ల పిల్లలే ఎన్నుకుంటారు. ఎవరు ఎంచుకున్నా ఒకటి అడిగి చూడొచ్చు: టీమ్‌లో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లాడు కష్టమొస్తే ఎవరి దగ్గరికి వెళ్తున్నాడు?