పూరీ తీరమున దొరసాని మేడ

అనకాపల్లి స్టేషనులో రైలెక్కి పూరీయాత్రకు బోయి వచ్చిన సోదరీమణులు జగన్నాథస్వామి దర్శనమును గూర్చియు, మహాప్రసాదమును గూర్చియు చాలకాలము ముచ్చటించుకొందురు. ఆ యూరనే చక్రతీర్థపు రోడ్డున, సముద్రమున కెదురుగా, నొక పాత మేడ గలదు. దాని కథ యడుగువారు తక్కువ.

విక్టోరియా రాణి నాటినుండి దొరలు మన తీరములయందు కట్టుకొన్న యిండ్ల కొక ఫక్కి యుండెడిది: ఎత్తయిన కప్పులు, గాలి కెదురెదురుగా తలుపులు, ఎండ గదులలోనికి రాకుండ విశాలమగు వసారాలు. ఈ మేడయు నా కోవలోనిదే. ఇది ఆష్‌వర్త్ అను దొరసాని విడిది. కలకత్తా యుక్కకు తాళలేనివారికి పూరీగాలి మందువంటిది. కాని పూర్వ మచటికి జేరుటయే కష్టము. 1897వ సంవత్సరమున పూరీకి రైలు వచ్చిన పిదప నా బాధ తీరెను.

1922 ప్రాంతమున బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు ఈ మేడను కొని, 1925లో హోటలుగా దెరచిరి. వాల్తేరుకు ఉత్తరమున మనము ప్రయాణము చేయు దారియు 1902 మొదలు వారి చేతిలోనిదే. రైలువారికి హోటలేల యందురా? దిగినచోట బస దొరకునన్న నమ్మక ముండిననే గదా జనులు టిక్కెట్టు కొనుట! 1955లో సౌతు ఈస్టరన్ రైల్వే యేర్పడగా హోటలు పేరును మారెను. జనులు మాత్రము బి.ఎన్.ఆర్. అనుట మానలేదు. నేటి పేరులోను, చాణక్య యను మాట ప్రక్కన, ఆ మూడక్షరములు నిలిచియే యున్నవి.

ఇంతవరకును హోటలువారి చరిత్ర. నాకు ముఖ్యముగా దోచునది వేరొకటి. పూరీ కెరటములు మిక్కిలి బలమైనవి. విరిగిన యల వెనుకకు బోవునపుడు పాదముల క్రింది యిసుకను లాగికొనిపోవును. తడిసిన చీరతో నున్న స్త్రీ యాక్షణమున తూలి పడును. అప్పుడు చేయి పట్టుకొని నిలుపువాడు నులియా. చిన్న యల వచ్చిన నెగురుమనును, పెద్దది వచ్చిన మునుగుమనును. తలపై సూదిమొనగల తెల్లని టోపి యుండును. ఈదనేరని యతిథులను సముద్రములో దింపి మరల నొడ్డు జేర్చినవారు వీరే. వీరు లేనిదే ఆ తీరమున బస వ్యాపారము సాగెడిదా?

ఈ నులియాలు తెలుగువారు. పెక్కుమంది వాడబలిజలు. ఆ రోడ్డునకు తూర్పుకొసన వారి పల్లె పెంటకోట. మన అనకాపల్లి జిల్లాలో, పాయకరావుపేట మండలమున, తాండవనది సముద్రమున గలియు చోటి యూరి పేరును పెంటకోటయే! అక్కడి మగవారు వేటకు బోవుదురు. ఆడువారు చేపలగంప నెత్తి కెత్తుకొని యమ్ముకొందురు. అంగడిలో ఒడియా మాటాడినను, ఇంట బిడ్డలతో మాటాడునది మన తెలుగే. దొరసాని పేరును, కంపెనీ పేరును హోటలు చరిత్రలో నిలిచినవి; చేయి పట్టుకొన్నవారి పే రొక్కటియు లేదు.

పూరీలో స్నానమునకు దిగునపుడు పిల్లలను ముందుగా నీటిలోనికి బోనీయక, ఆ టోపీవానిని "నాయనా, కొంచెము చేయి పట్టుకొనుము" అని తెలుగుననే యడుగుడు. అతడు తెలుగుననే బదులు చెప్పును.