ఆకాశమునకు హద్దురాళ్ళు

గట్టు తగాదా లేని పల్లె అరుదు. అన్నదమ్ములిద్దరు పొలము పంచుకొని హద్దురాళ్ళు పాతుకొన్న కొన్నాళ్ళకే, ఏదో ఒక రాయి జానెడు జరిగినదని మాట పుట్టును. పెద్దమనుష్యులు కూర్చుందురు, సర్వేయరు గొలుసు పట్టుకొని వచ్చును, అప్పటికిని తెగనిచో కోర్టు గుమ్మము ఎక్కుదురు. ఇంతమంది కలిసి తేల్చునది నేలపై గీచిన ఒక గీతను మాత్రమే. ఆ గీత పైకి ఎంతవరకు పోవును? చెట్టు కొమ్మ ప్రక్కవాని చేనిపైకి వంగినచో తగవు కలదు. అదే చేనిమీదుగా కొంగ ఎగిరిపోయినచో తగవు లేదు. ఈ రెంటి నడుమ ఎచ్చటనో మనిషి హక్కు ఆగిపోవుచున్నది.

ఎచ్చట ఆగుచున్నదను ప్రశ్న చూచుటకు పిల్లవాని ప్రశ్నవలె నుండును. కాని న్యాయశాస్త్రమునకు దీనితో పట్టుకొనుటకు వందల యేండ్లు పట్టినది. చంద్రునిపై తవ్వకములు జరుపవలెనని దేశములు ఆలోచించుచున్న ఈ దినములలో ఆ ప్రశ్న మరల తల యెత్తినది.

మధ్యయుగపు ఐరోపాలో న్యాయవేత్తలు దీనికి సులువైన సమాధానము చెప్పినారు. నేల ఎవరిదో, దాని క్రింద పాతాళము వరకును, పైన ఆకాశము వరకును వారిదే అన్నారు. ఎవ్వరును ఎగురలేని కాలములో ఈ సూత్రము వలన ఎవ్వరికిని ఇబ్బంది కలుగలేదు. 1783లో ఫ్రాన్సు దేశమున మాంట్‌గోల్ఫియర్ సోదరులు కట్టిన వేడిగాలి బెలూనులో ఇద్దరు మనుష్యులు పారిస్ నగరము మీదుగా తేలిపోయినారు. మరుసటి సంవత్సరమే, అనుమతి లేకుండ బెలూను ఎగురవేయరాదని ఆ నగరపు పోలీసులు ఉత్తర్వు చేసినారు. తరువాత విమానము వచ్చినది, యుద్ధము వచ్చినది. 1919లో పారిస్‌లో కుదిరిన ఒడంబడిక, ప్రతి రాజ్యమునకును తన భూభాగముపై నున్న గాలిపై సంపూర్ణాధికారము కలదని తేల్చినది. 1944 నాటి చికాగో ఒడంబడికయు దానినే స్థిరపరచినది.

మరి సామాన్య రైతు మాట యేమి? దీనికి జవాబు చెప్పినవి కోళ్ళు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రమున కాజ్‌బీ అను నతడు కోళ్ళు పెంచుకొని జీవించుచుండెడివాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో, చేరువనున్న విమానాశ్రయమున దిగు సైనిక విమానములు ఆతని ఇంటికప్పునకు 67 అడుగుల ఎత్తున ఉరుముచు పోవుచుండెడివి. కోళ్ళు బెదరి, ఎగిరి, గోడలకు కొట్టుకొని, కొన్ని దినములలో ఆరు మొదలు పది వరకు చచ్చినవి. మొత్తము 150 వరకు పోయినవి. ఆ ఇంటివారికి రాత్రులు నిద్ర కరవైనది. కోళ్ళ వ్యాపారము మూతపడినది. 1946లో ఈ వ్యాజ్యము ఆ దేశపు సుప్రీంకోర్టులో తెగినది. ఆకాశము వరకు హక్కు అను పాత సూత్రమునకు నేటి లోకములో చోటు లేదనియు, దానిని నమ్మినచో ప్రతి విమానమును దారిపొడవున ఎదురయ్యే ప్రతి భూస్వామికిని దోషియే అగుననియు న్యాయస్థానము చెప్పినది. ఐనను నేలను అనుభవించుటకు ఎంత ఎత్తు అవసరమో అంత ఎత్తు నేల యజమానిదే యని, కాజ్‌బీకి పరిహారము పొందు హక్కు కలదని తీర్పు వచ్చినది. తీర్పు న్యాయమైనదే. కాని అది కోళ్ళు చచ్చిన తరువాత వచ్చినది.

ఈ విధముగా రైతుకు కొన్ని అడుగులు, వానిపైనున్న గాలి అంతయు రాజ్యమునకు దక్కినవి. గాలి కూడ లేని చోట ఏమి?

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యా స్పుట్నిక్‌ను ఎగురవేసినది. 83.6 కిలోగ్రాముల ఆ లోహపు బంతి 96 నిమిషముల కొకసారి భూమిని చుట్టివచ్చుచు, అనేక రాజ్యముల నెత్తిమీదుగా పోయినది. ఎవ్వరి అనుమతియు అడుగలేదు. ఏ ప్రభుత్వమును అది తన సరిహద్దు దాటినదని ఫిర్యాదు చేయలేదు. అమెరికాలో ప్రజలు కలవరపడుచుండగా, నాలుగు దినముల తరువాత అధ్యక్షుడు ఐసెన్‌హోవరుతో జరిగిన సమావేశములో రక్షణశాఖ ఉపకార్యదర్శి డొనాల్డ్ క్వార్ల్స్ వేరొక మాట చెప్పినాడు: అంతరిక్షము అందరికిని తెరచిన దారి యని నిరూపించి, రష్యనులు తమకు తెలియకయే మనకొక మేలు చేసినారని. మౌనము అర్ధాంగీకారమందురు; ఇచ్చట అది పూర్ణాంగీకారమే అయినది.

ఆ అంగీకారపు విలువ యెంతయో 1960 ఆగస్టు 19వ తేదీన తేటపడినది. ఆ దినమున మాస్కోలో గ్యారీ పవర్స్ అను అమెరికను వైమానికునికి పది సంవత్సరముల శిక్ష పడినది. ఇరువది కిలోమీటర్ల ఎత్తున రష్యాపై విమానము నడపుచు ఛాయాచిత్రములు తీసినాడని నేరము. అదే దినమున పసిఫిక్ మహాసముద్రముపై, డిస్కవరర్-14 అను అమెరికా ఉపగ్రహము నుండి జారవిడిచిన ఫిల్ము పెట్టెను ఒక విమానము గాలిలోనే పట్టుకొన్నది. ఆ యొక్క పెట్టెలో, అంతవరకు పవర్స్ వంటి వైమానికులందరును కలిసి తీసిన దానికన్న ఎక్కువ రష్యా భూభాగపు చిత్రములుండెను. పని యొకటే, చూచిన నేల యొకటే, చూపించిన దేశ మొకటే. క్రింది ఎత్తున అది నేరము. పైయెత్తున అది దారిన పోవుట.

ఈ రెండెత్తుల నడుమ హద్దురాయి ఎచ్చట పాతవలెను? అంతర్జాతీయ వైమానిక సమాఖ్య 100 కిలోమీటర్ల ఎత్తును గీతగా తీసికొన్నది. అమెరికా తన వ్యోమగాములను 80 కిలోమీటర్ల నుండియే లెక్కించుచున్నది. ఏ అంతర్జాతీయ ఒడంబడికయు ఆ గీతను గీయలేదు. గీత లేకున్నను, గీతకు ఆవలనున్నది ఎవ్వరిదో 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక చెప్పినది. అది ఎవ్వరిదియు కాదు. జెండా నాటుట వలన గాని, కాపురముండుట వలన గాని, వాడుకొనుట వలన గాని చంద్రుని ఏ రాజ్యమును తనదనరాదు. గమనింపదగిన దేమనగా, మనిషి చంద్రునిపై కాలు మోపుటకు రెండు సంవత్సరముల ముందే ఈ చట్టము పుట్టినది. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ అచ్చట తమ జెండా నాటినారు. అది ఆ నేలను సొంతము చేసికొనుట కాదని అమెరికా శాసనసభ అదే సంవత్సరము చట్టములో వ్రాసినది.

ఎవ్వరిదియు కాదనుట సులభము. ఆ మాట నిలుచునా లేదా యనుటకు మూడు పరీక్షలు కలవు: చూచుట, పడుట, తీసికొనుట.

మొదటి పరీక్షలో నెగ్గినది ఒక పాఠశాల. ఇంగ్లండులో కెటరింగ్ అను పట్టణపు గ్రామర్ పాఠశాలలో జెఫ్రీ పెరీ భౌతికశాస్త్రము చెప్పుచుండెడివాడు. కదలివచ్చు వస్తువు నుండి వెలువడు తరంగము చేరువగునప్పుడు ఒక తీరుగను, దూరమగునప్పుడు ఒక తీరుగను వినిపించుటను పిల్లలకు చూపవలెనని, 1960లో తోటి ఉపాధ్యాయునితో కలిసి ఒక రేడియో గ్రాహకముతో రష్యా ఉపగ్రహముల కూతలు పట్టనారంభించినాడు. విద్యార్థులు వంతుల చొప్పున విని, వేళలు వ్రాసి, కక్ష్యలు లెక్కకట్టినారు. 1966 మార్చిలో ఎగిరిన ఒక కాస్మాస్ ఉపగ్రహపు దారి మునుపటి వాని కన్న వేరు వాలుతో నుండెను. అక్టోబరులో ఎగిరిన మరియొక దానిది ఇంకొక వాలు. ఈ దారులను వెనుకకు సాగదీసి పటముపై గీచినప్పుడు, అవి అంతవరకు లోకమెరిగిన ప్రయోగస్థలము వద్ద కాక, ఉత్తర రష్యాలో ప్లెసెట్స్క్ వద్ద కలిసినవి. అచ్చట ఒక రహస్య ప్రయోగకేంద్రము కలదని ఆ పాఠశాల లోకమునకు వెల్లడించినది. రష్యా ప్రభుత్వము ఆ సంగతిని ఒప్పుకొన్నది 1983లో.

ఆ మాస్టరు గూఢచారి కాడు, పిల్లలు శాస్త్రజ్ఞులు కారు. వారికి కలిగినది ఒక గ్రాహకము, ఒక పటము, ఓపిక. అగ్రరాజ్యముల గూఢచారి శాఖలు తమలో తాము దాచుకొను సంగతిని వారు నల్లబల్ల దగ్గర కూర్చుండి తేల్చినారు. ఆకాశము ఎవ్వరిదియు కానప్పుడు దానివంక చూచు హక్కు బడిపిల్లవానికి కూడ కలదనుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు.

రెండవ పరీక్ష పడుట. 1979 జులై నెలలో తెలుగు పల్లెలు ఆకాశమువంక భయముతో చూచినవి. అమెరికావారి స్కైలాబ్ నెత్తిన పడునని వదంతి పుట్టి, మేకలను కోళ్ళను కోసికొని తిన్నవారిని, ఉన్నది అమ్ముకొన్నవారిని గూర్చి పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు. అది జులై 11వ తేదీన హిందూ మహాసముద్రములోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను ముక్కలై పడినది. ఎవ్వరికిని గాయము కాలేదు. అచ్చటి ఎస్పరెన్స్ అను పట్టణపువారు, బహిరంగ స్థలమున చెత్త వేసినందులకు అమెరికా అంతరిక్ష సంస్థపై 400 డాలర్ల జరిమానా వేసి నవ్వుకొన్నారు.

నవ్వు మాట యట్లుండ, ఆ ముక్కయే తెలుగు రైతు ఇంటిపై పడియుండినచో? దానికిని చట్టము కలదు. 1972 నాటి ఒడంబడిక ప్రకారము, నేలపై జరిగిన నష్టమునకు ఆ వస్తువును ఎగురవేసిన దేశము తప్పు తనదా కాదా యను వాదము లేకయే పూచీ పడవలెను. ఐతే రైతు తానై దావా వేయుట కాదు. ఆతని తరఫున ఆతని ప్రభుత్వమే అడుగవలెను. అట్లు అడిగిన దేశము కెనడా. 1978 జనవరిలో అణుయంత్రముతో నడచు రష్యా ఉపగ్రహము కాస్మాస్-954 ఆ దేశపు వాయవ్య భాగమున విరిగిపడి, మంచునేలపై విషధూళి చల్లినది. శుభ్రము చేయుటకైన ఖర్చులో 60 లక్షల డాలర్లు కెనడా కోరగా, 1981లో రష్యా 30 లక్షలు చెల్లించినది. సగమే వచ్చినది గాని, బలవంతమైన రాజ్యము చెల్లించినది. శ్రీహరికోట నుండి రాకెట్టు ఎగురవేయు మన దేశమునకును ఈ పూచీ వర్తించును.

మూడవది తీసికొనుట. కష్టమంతయు ఇచ్చటనే. చంద్రుడు ఎవ్వరివాడును కాడు సరే. చంద్రుని రాయి ఎవ్వరిది? హాండురాస్ దేశమునకు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కానుకగా పంపిన చంద్రశిల, గ్రాము పైచిలుకు తునక, దొంగచేతులు మారి 1998లో 50 లక్షల డాలర్ల బేరమునకు వచ్చినది. ప్రభుత్వపు మనుష్యులు కొనుగోలుదారుల వేషమున పోయి దానిని పట్టుకొన్నారు. 2003లో అమెరికా న్యాయస్థానము ఆ తునక హాండురాస్ జాతీయ సంపద యని, దొంగిలింపబడినదని తేల్చగా, అది ఆ దేశమునకు తిరిగి చేరినది. చంద్రునిపై నున్నంతవరకు ఎవ్వరిదియు కాని రాయి, క్రిందికి దిగగానే ఒకరి సొత్తు అయినది.

ఈ దారినే మరికొంత ముందుకు పోయి, అంతరిక్షములో తవ్వితీసిన పదార్థము తీసినవారిదే యని అమెరికా 2015లో చట్టము చేసినది. సముద్రము ఎవ్వరిదియు కాకున్నను వలలో పడిన చేప జాలరిది కాదా యని ఆ పక్షమువారి వాదము. చంద్రుని సంపద మానవజాతి యంతటికిని ఉమ్మడి వారసత్వమని చెప్పు 1979 నాటి ఒడంబడికలో అమెరికా, రష్యా, చైనా చేరలేదు. భారతదేశము 1982లో దానిపై సంతకము చేసినది గాని తుదకు ఆమోదింపలేదు.

చేపలు సముద్రమంతటను ఉండును. చంద్రునిపై నీరు అట్లు కాదు. నీటి జాడ కలదని 2008లో శ్రీహరికోట నుండి ఎగిరిన చంద్రయాన్-1 తెలిపినది. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 దక్షిణ ధ్రువపు దిక్కున దిగినది. ఎండ ఎన్నడును సోకని ధ్రువపు గుంటలలో మాత్రమే మంచు నిలువయున్నదని శాస్త్రజ్ఞుల నమ్మకము. కనుక దీనికి తగిన పోలిక సముద్రము కాదు, ఊరి చెరువు. చెరువు ఊరందరిదే. అంతమాత్రమున పొలమునకు నీరు పారదు. తూము ఎవరు తెరవవలెనో, ఎవరి వంతు ఎప్పుడో ముందుగా నిర్ణయించుకొన్న ఊళ్ళలో చివరి చేను కూడ తడియును. నిర్ణయించుకొనని ఊళ్ళలో ఎగువవాని చేనే పండును.

అట్టి వంతుల కట్టడి చంద్రునికి ఇంకను లేదు. ఐక్యరాజ్యసమితిలో చర్చ సాగుచున్నది. కాజ్‌బీ కోళ్ళ విషయమున చట్టము నష్టము వెనుక నడచినది. 1967లో మనిషి అడుగునకు ముందు నడచినది. మొదటి పార చంద్రుని నేలలో దిగుటకు ముందే అది మరియొకసారి ముందు నడువవలసియున్నది. నేడు బడిలో పటము ముందు కూర్చుండి ఉపగ్రహముల దారులు గీచు పిల్లలు పెద్దవారగునప్పటికి, ఆ తూము దగ్గర వారి వంతు ఉండునా లేదా యనునది దానిమీదనే ఆధారపడియున్నది.